పెద్ద డాక్టర్‌కు జ్వరం

మొదటిసారి ఆయన కోసం అబద్ధం చెప్పినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఉదయం తొమ్మిదిన్నర. చేవెళ్లలో మా ఆఫీసు ముందు జీపు ఆగి ఉంది. వెనక సీట్లో ఆయన అద్దానికి తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆవుకు కడుపు ఉబ్బిందట, పెద్ద డాక్టర్‌ను పంపమంటున్నాడు.

"పెద్ద డాక్టర్‌కు జ్వరమన్నా. నేనొస్తున్న. జర దాన్ని పండనియ్యకుండ నిలబెట్టి ఉంచు" అన్నాను.

ఆవు బతికింది. నేను తిరిగొచ్చేసరికి ఆయన లేచి మొహం కడుక్కుని కూర్చున్నాడు. "ఏమన్న కేసులొచ్చినయా చెల్లె?" అని అడిగాడు. ఒకటి వచ్చిందని, చూసి వచ్చానని చెప్పాను. "మంచి పని చేసినవ్" అన్నాడు. అంతటితో అయిపోయింది. ఒకరి పని ఇంకొకరు చేయడం, ఒక చిన్న మాట అటూ ఇటూ చేయడం ఏ ఆఫీసులో లేదు?

తర్వాతి వారం కూడా జ్వరమే. ఆ తర్వాత నడుం నొప్పి. ఆ తర్వాత బీపీ. అవన్నీ అయిపోయాక దూరపు చుట్టాల్ని చంపడం మొదలుపెట్టాను. ఒకరోజు ఏ ఊళ్లో చావు జరిగిందని చెప్పానో ఆ ఊరి మనిషే ఎదురై, "మా ఊర్ల ఎవరు పోయిండ్రమ్మా, నాకు తెల్వకపాయె" అని అమాయకంగా అడిగితే, మందుల పెట్టె సర్దుతున్నట్టు వంగిపోయాను. ఆ రోజైనా ఆపాల్సింది. ఆపలేదు. రెండేళ్లు అట్లాగే గడిపాను.

మేమిద్దరం పశువుల డాక్టర్లం. ఒక ప్రైవేటు డెయిరీ, తనకు పాలు పోసే రైతుల గొడ్లను చూడటానికి మమ్మల్ని పెట్టుకుంది. ఇద్దరు డాక్టర్లు, ఒక జీపు, ఒక ముసలి డ్రైవరు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా, అటు ప్రొద్దుటూరు దాకా ఉన్న ఊళ్లన్నీ మావే. బర్రెకు ఆదివారం అని తెలియదు. ఈనేది ఎప్పుడైనా ఈనుతుంది, పడిపోయేది ఎప్పుడైనా పడిపోతుంది. ఫోను జేబులో కాదు, చేతిలోనే ఉండేది. అన్నం ముందు కూర్చుంటే మోగేది. మా అమ్మాయి పుట్టినరోజు కేకు కోస్తుంటే మోగేది. వెళ్లకపోతే ఒక ఇంటి పాడి పోతుంది. వెళ్లినా కొన్నిసార్లు పోతుంది. అప్పుడు ఆ ఇంటివాళ్ల మొహాల్లోకి చూసి నిలబడాలి.

ఆయన వయసు యాభైకి దగ్గర పడుతోంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇక్కడి భూములున్న కుటుంబమే. అన్నగారు రాజకీయాల్లో తిరిగే మనిషి. రైతులు ఆయన్ను పెద్ద డాక్టర్ అనేవాళ్లు, నన్ను డాక్టరమ్మ అనేవాళ్లు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని.

ఆయన చేయి ఎట్లాంటిదో చెప్పకపోతే నేనెందుకు అన్ని అబద్ధాలు చెప్పానో అర్థం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. ఒక బర్రె ఈనలేక పడి ఉంది. లోపల దూడ తల వెనక్కి మడిచి ఉంది. గంటసేపు చేయి పెట్టి తిప్పలుపడ్డాను. భుజం దాకా తిమ్మిరెక్కి వేళ్లకు ఏం తగులుతుందో కూడా తెలియడం లేదు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఏడుపు ఒక్కటే తక్కువ. ఆయన వచ్చి, చొక్కా విప్పి, పేడలోనే పక్కకు ఒరిగి చేయి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇది చెవి. ఇది దవడ. దవడ కింద వేలు తగిలిస్తే తల నీ మాట వింటది" అని నాకు మాత్రమే వినిపించేట్టు చెప్పాడు. పది నిమిషాల్లో తానే లాగేసేవాడు. కానీ చేయి బయటికి తీసి, "ఇప్పుడు నువ్వు" అన్నాడు. దూడ నా చేతుల మీదనే బయటికొచ్చింది, ప్రాణంతో. రైతు దండం పెడితే, "నాకెందుకు, మా చెల్లె తీసింది" అన్నాడు.

అట్లాంటి మనిషి.

ఎందుకు తాగేవాడో నాకు తెలియదు. పని ఎక్కువ అని ఆయన అనేవాడు. పని నాకూ అంతే ఉండేది, ఇంకా చెప్పాలంటే ఆయనది కూడా కలిపి ఉండేది. మొయినాబాద్ చుట్టూ ఫాంహౌసులు. పట్నం వాళ్లు వాటిలో ఒక గుర్రాన్నో, రెండు పెద్ద కుక్కల్నో, చూడముచ్చటైన ఆవుల జతనో కట్టేసి ఉంచుతారు. వాటికి దగ్గొచ్చినా పెద్ద డాక్టరే కావాలి. "కూసోండి డాక్టర్ సాబ్" అని గ్లాసు ముందు పెట్టేవాళ్లు, పోయేటప్పుడు ఒక సీసా జీపులో పెట్టేవాళ్లు. అది వాళ్లకు మర్యాద. మొదట్లో ఆదివారాలే అనుకునేదాన్ని. తర్వాత వారం మధ్యలో. ఆ తర్వాత ఫాంహౌసు అవసరం కూడా లేకపోయింది. పొద్దున్నే చేతులు వణకడం, ఎనిమిదికల్లా ఆ వణుకు ఆగిపోవడం గమనించాను. ఎట్లా ఆగుతోందో అర్థం చేసుకోవడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు.

నేను చేయనిది లేదు. అరిచాను. బతిమాలాను. మందుల పెట్టెలో కాల్షియం సీసాల మధ్య దాచిన క్వార్టర్ సీసా దొరికితే రోడ్డు పక్కన ఒంపేశాను. ఆయన జీపు కిటికీలోంచి చూశాడు. మర్నాటికి ఇంకో సీసా ఇంకో చోట ఉంది. జీపు తాళం దాచిపెడితే ఆటోలో పోయాడు. ఏ మధ్యాహ్నమో మత్తు దిగాక కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, "ఇదే లాస్ట్ చెల్లె. నా బిడ్డ మీద ఒట్టు" అనేవాడు. నేను నమ్మేదాన్ని. ప్రతిసారీ నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ మండుతుంది. ఆయన ఒట్టు వేసిన సాయంత్రం నేను ఇంటికి పోయి, చపాతీలు చేస్తూ, ఈసారి నిజంగానే మానేస్తాడు అని మా ఆయనకు చెప్పేదాన్ని. "పోయిన నెల గూడ గదే చెప్పినవ్" అనేవాడు మా ఆయన.

ఒట్లు ఒకవైపు నడుస్తుంటే, ఆయన కేసుల రిజిస్టరు నేను నింపేదాన్ని. ఆయన పోని ఊళ్లకు నేను పోయేదాన్ని. నెలాఖరుకు ఇద్దరి రిపోర్టులూ నేనే రాసేదాన్ని. పైనున్నవాళ్లు చూస్తే మా రెండు రిపోర్టుల్లో ఆయనదే బాగుండేది.

డ్రైవరు అన్నీ చూసేవాడు. ఒకరోజు ఆయన్ను జీపులోకి ఎక్కించడానికి ఇద్దరం చెరో రెక్కా పట్టుకున్నప్పుడు, "అమ్మా, నేను బండి నడుపుత. ఈ సార్‌ను నడుపుడు నాతోని కాదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత గొప్ప డాక్టర్‌ను అంత మాట అంటాడా అని. అప్పటికి నా బుద్ధి అట్లా ఉంది.

అసలు సంగతి వానాకాలంలో జరిగింది. చిన్న మంగళారం అనే ఊళ్లో ఒకామె ఉండేది. నలభై ఏళ్లుంటాయి. భర్త ఒక ఫాంహౌసులో కాపలా ఉంటాడు, గొడ్ల పని మొత్తం ఈమెదే. మూడు బర్రెలు. అందులో ఒకటి రెండు రోజుల కిందటే ఈనింది. ఆ పొద్దున్న ఆరింటికి లేచి చూస్తే అది లేవడం లేదు, మెడ పక్కకు తిప్పి పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసింది. ఆ వారం పొద్దుటి ఫోన్లు చూసే వంతు ఆయనది. "వస్తున్న" అని చెప్పి మళ్లీ పడుకున్నాడట. ఆమె రెండోసారి చేసింది, మూడోసారి చేసింది. ఎనిమిదిన్నరకు నాకు చేసింది. ఆయన్ను ఇంటి దగ్గర ఎక్కించుకుని మేం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. నేనొక్కదాన్నే పోవాల్సింది. పోలేదు. ఆయన్ను వదిలేసి పోతే పేరు పోతుందని, ఆయన పేరు.

పాలజ్వరం. చూడగానే తెలిసిపోతుంది. ఈనిన బర్రెకు ఒంట్లో కాల్షియం పడిపోతుంది. మెడ నరంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు అరగంటలో లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకు అదొక మాయలాగా ఉంటుంది. కానీ మెల్లగా ఎక్కించాలి. గుండె మీద ఒక చెవి పెట్టి, ఆగి ఆగి ఎక్కించాలి. వేగంగా పోతే గుండె ఆగిపోతుంది. ఇది మూడో ఏడాది విద్యార్థికి కూడా తెలుసు.

ఆయన చేతులు వణుకుతున్నాయి. దారిలో ఎక్కడో కొంచెం పోసుకున్నాడు కానీ అది సరిపోయినట్టు లేదు.

"అన్నా, నేను పెడత" అన్నాను.

చుట్టూ పదిమంది ఉన్నారు. "జరుగు చెల్లె" అన్నాడు.

నేను జరిగాను. ఈ ఒక్క మాట ఎన్నిసార్లు రాసినా నా చేయి ఆగుతుంది. నేను జరిగాను.

ఎప్పుడూ ఒక్క పోటుకు నరం దొరికే ఆయనకు నాలుగోసారికి దొరికింది. సీసా పైకెత్తి పట్టుకున్నాడు. వాన తుంపర పడుతోంది. కొట్టం మీద రేకు టపటపమంటోంది. స్టెతస్కోప్ నా మెడలోనే ఉంది. బర్రె గుండె వినాల్సిన నేను ఆయన చేతులు ఎక్కడ సూదిని జార్చేస్తాయో అని వాటినే చూస్తూ నిలబడ్డాను. సీసాలో బుడగలు గబగబా పైకి పోతున్నాయి. "అన్నా, మెల్లగ" అన్నాను, ఒక్కసారి. వినిపించిందో లేదో. పావుగంట పట్టాల్సింది రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. బర్రె ఒక్కసారి ఒళ్లంతా వణికి, కాళ్లు బారజాపి, నాలుక బయటపెట్టేసింది. నేను వంగి గుండె మీద స్టెతస్కోప్ పెట్టాను. ఏమీ లేదు.

"టైం అయిపోయిందమ్మా, ఏం జేస్తం" అని ఆయన ఆమెతో అని, సూది తీసి, జీపు దగ్గరికి నడిచాడు. ఊరివాళ్లు ఆయనకు దారిచ్చారు. ఒకాయన "పెద్ద డాక్టరే వచ్చిండు, ఇంకెవరేం చేస్తరు" అన్నాడు.

నేను నల్లా దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఏడవడం లేదు.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుత. బర్రె రోగంతోని పోయిందా, సూదితోని పోయిందా?"

ఆమెకు చదువు లేదు. కానీ గొడ్లను ఇరవై ఏళ్లుగా చూస్తోంది. అంతకు ముందు ఏడాది ఇంకో బర్రెకు ఇదే జబ్బు వస్తే, ఇదే సీసా ఎంతసేపు పట్టిందో ఆమెకు గుర్తుంది.

"లేట్ అయిందక్కా. రాత్రే చూస్కోని ఫోన్ చేసేదుండె" అన్నాను.

"రాత్రి మేతేసినప్పుడు మంచిగనే ఉండె. నేనే చూడలేదేమో" అంది. అని, దుడ్డెను తల్లి దగ్గర నుంచి విప్పి అవతలికి తీసుకుపోయింది.

రెండేళ్లలో చెప్పిన అబద్ధాలన్నీ ఆయన్ను కాపాడటానికే అనుకుంటూ వచ్చాను. ఈ అబద్ధం తప్పును ఎత్తుకుపోయి ఆమె నెత్తిన పెట్టింది. మూడుసార్లు ఫోన్ చేసిన మనిషి నెత్తిన.

తిరుగు దారిలో ఆయన, "గుండె వీక్ ఉన్నట్టున్నది, కాల్షియం తట్టుకోలే" అన్నాడు. మొయినాబాద్ రాగానే వైన్స్ ముందు "ఒక్క నిమిషం ఆపు" అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తలుపు తీసుకుని దిగిపోయాను. "ఏమైంది చెల్లె?" అని ఆయన వెనక నుంచి అంటున్నాడు. తడుస్తూ బస్టాండు దాకా నడిచి, చేవెళ్ల బస్సెక్కాను. ఒంటి మీద పేడ, అయోడిన్ వాసన. పక్క సీటు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మేనేజర్ దగ్గరికి పోయాను. కుర్చీలో కూర్చోమన్నాడు, చాయ్ చెప్పాడు, మొత్తం విన్నాడు.

"రైతు కంప్లైంట్ ఇచ్చిండా మేడం?"

"ఇయ్యలే."

"మరి మీకేం ఫికర్? ఆయన పేరు మీదనే మనకు పాలొస్తున్నయి. జర అడ్జస్ట్ చేస్కోండి." కొంచెం ఆగి, "మీ ఇద్దరికి ఏమన్న లొల్లి అయ్యిందా?" అని అడిగాడు.

చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ ఆదివారం ఆయన లేనప్పుడు చూసి మొయినాబాద్‌లో వాళ్లింటికి పోయాను. ఆయన భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. అంతకు ముందు రెండుసార్లు చూశానంతే. నేను చెప్పబోయేది ఆమెకు పెద్ద దెబ్బ అవుతుందని, ఎట్లా మొదలుపెట్టాలో అని బస్సులో పదిరకాలుగా అనుకుంటూ పోయాను. నేను రెండు మాటలు చెప్పగానే ఆమె చేత్తో ఆపేసింది.

"నాకు తెల్వదనుకుంటున్నవా? ఇంట్ల ఎన్ని లొల్లులు చేసిన్నో నీకెట్ల తెలుస్తది? తాగుతున్నవ్, నౌకరి పోతది అని నేనంటే, ఏది పోయింది అని నన్నే అడుగుతడు. నెల కాంగనే జీతం పడుతది. కేసులన్ని చూసినట్టు రాసుంటది. నేనేమని మాట్లాడాలె? ఆయన పని నువ్వు చేసిపెడ్తివి చెల్లె. ఆయనకు తాగెతందుకు పొద్దు మిగిలింది."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లను ఇంట్లో వదిలి, సెలవు లేని ఉద్యోగంలో ఎప్పుడో దొరికిన ఒక్క ఆదివారాన్ని పాడుచేసుకుని, ఈమె మొగుడి కోసం వస్తే నన్నే అంటుందా? వచ్చేస్తూ నేను గేటు విసిరి వేసిన చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది. రెండు రోజులు ఆమెను మనసులో తిట్టుకున్నాను. మూడో రోజు ఆయన రిజిస్టరు నింపడానికి పెన్ను తీశాను, రాయలేకపోయాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, ఆఫీసు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌లో ఆయన్ను కూర్చోబెట్టి చెప్పాను.

"అన్నా, రేపటి సంది నేను నీ కేసులు చూడ. నీ రిజిస్టర్ రాయ. ఎవరన్న అడిగితే జ్వరమని చెప్ప. నువ్వు తాగొస్తే తాగొచ్చినవనే రాస్త."

ఆయన మొదట నవ్వాడు. తర్వాత మొహం మారిపోయింది. "బర్రె కడుపుల చెయ్యి పెట్టుడు నీకు ఎవరు నేర్పిండ్రు?"

"నువ్వే అన్నా. గందుకే రెండేండ్లు నోరు మూసుకున్న. గదే నేను చేసిన తప్పు. చిన్న మంగళారంల బర్రెను నువ్వు ఒక్కనివే చంపలే, మనిద్దరం చంపినం."

హోటల్ ఆయన మా వైపు చూసి, చూడనట్టు అటు తిరిగాడు. పెద్ద డాక్టర్ గ్లాసు అట్లాగే పెట్టేసి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు మామూలుగా వచ్చాడు. ఐదో రోజు జీపులో వెనక సీట్లో, మొదటి రోజున్నట్టే. రెండు కేసులు ఆయన వైపు ఊళ్లవి. రైతులు ఫోన్ చేశారు. "సార్ వచ్చే పరిస్థితిల లేడు. నాకు ఇంకో ఊర్ల బర్రె ఈనే కేసున్నది. మీరు సర్కారు డాక్టర్‌ను పిలుచుకోండి" అని చెప్పాను. ఒకాయన నన్ను బూతులు తిట్టాడు. ఆ తిట్లు విని కూడా పోకుండా ఉండటం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని. ఆ గొడ్లకేమైనా అవుతుందేమో అని రోజంతా ఫోను చూసుకుంటూనే ఉన్నాను. ఆఫీసు డైరీలో, ఆ రోజు పేజీలో, "సీనియర్ డాక్టర్ మద్యం తాగి ఉన్నందున రెండు కేసులు చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం ఆయన లేచి వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న ఆ పేజీ చదివాడు. చింపేస్తాడనుకున్నాను. పెన్ను తీసుకుని నా సంతకం కింద తనది కూడా పెట్టాడు. "నిజమే గదా" అన్నాడు.

ఇక మారిపోయాడు అని నేను అక్కడికక్కడే అనుకున్నాను. అంత తేలిగ్గా నమ్మే బుద్ధి నాకు ఇంకా పోలేదు. ఆయన అక్కడి నుంచి నేరుగా వైన్స్‌కు పోయి, తర్వాత నాలుగు రోజులు ఎవరికీ కనబడలేదు.

కానీ రెండు సంతకాలున్న పేజీని మేనేజర్ పక్కన పెట్టలేకపోయాడు. పైకి పంపాల్సి వచ్చింది. దవాఖానలో చేరి వైద్యం చేయించుకుంటావా, ఉద్యోగం వదిలేస్తావా అని పైనుంచి అడిగారు. ఆయన అన్నగారు నాకు ఫోన్ చేసి, "మా తమ్ముని పరువు బజార్ల పెట్టినవ్" అన్నాడు. నేను విని పెట్టేశాను. ఆయన భార్య బట్టలు సర్ది, పట్నంలో దవాఖానకు తీసుకుపోయి చేర్పించింది. నేను చూడటానికి పోతే, ఆయన చూడనన్నాడని చెప్పి పంపేశారు.

ఆయన లోపల ఉండగానే నేను చిన్న మంగళారం పోయాను. అప్పటికి బర్రె పోయి మూడు నెలలు. ఆమె గడ్డి కోసుకొచ్చి మోపు దించుతోంది. నిలబడే చెప్పాను. మందు జల్దీ ఎక్కించడం వల్ల పోయింది, సార్ తాగి ఉన్నాడు, నాకు ఆ రోజే తెలుసు, నీతో అబద్ధం చెప్పాను అని.

"అంటే నేను రాత్రి చూడకపోవుడు కాదా?" అంది.

"కాదక్కా. నీ తప్పేం లేదు."

"మూడు నెలల సంది నేనే అనుకుంటున్న. మా ఆయన గూడ నన్నే అన్నడు." మోపు విప్పుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "ఆయన తాగిండు, సరే. నువ్వైతే తాగలే గదా?"

ఆమెకు నష్టం కట్టివ్వమని డెయిరీకి కాగితం రాస్తానన్నాను. "రాయి" అంది. "రాయి గని, నా గొడ్లకు నువ్వు రాకు" అంది. చాలాసార్లు తిరిగాక డెయిరీ ఆమెకు ఒక బర్రెను ఇప్పించింది. ఆమె ఇప్పుడు పాలు ఇంకో డెయిరీకి పోస్తోంది. నేను ఆ వీధిలో పోతే కొట్టంలోంచి చూస్తుంది, పలకరించదు.

ఆయన దవాఖాన నుంచి వచ్చాక ఐదు నెలలు బాగున్నాడు. నిజంగా బాగున్నాడు. చేతులు వణకలేదు, నరం ఒక్క పోటుకు దొరికేది, నాతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు కానీ పని మాత్రం పాత పెద్ద డాక్టర్ పనే. తర్వాత చుట్టాలింట్లో ఒక పెళ్లి. మర్నాడు పొద్దున జీపు తలుపు తీయగానే వాసన. నాకు కోపం కూడా రాలేదు. ఈసారి మాత్రం ఆలోచించలేదు. ఆయన ముందే ఆయన భార్యకు ఫోన్ చేశాను, డ్రైవరుతో ఇంటికి పంపాను, డైరీలో రాశాను. డెయిరీ ఆయన్ను తీసేసింది. రెండోసారి దవాఖాన.

ఇప్పుడు మొయినాబాద్‌లో ఒక చుట్టం నడిపే పశువుల మందుల దుకాణంలో కూర్చుంటున్నాడు. వారానికోసారి మెహదీపట్నం బస్సెక్కి, తాగుడు మానేసిన వాళ్లు కలిసే చోటికి పోయి వస్తాడని ఆయన భార్య చెప్పింది. తాగక ఏడాది దాటిందట. నేను సంతోషించాలి. సంతోషమే, కానీ దాని కింద కోపం అట్లాగే ఉంది. ఆయన జాగాలో డెయిరీ ఇంకా ఎవరినీ పెట్టలేదు; ఊళ్లన్నీ నేనొక్కదాన్నే తిరుగుతున్నాను. అంత మంచి చేయి దుకాణంలో పొట్లాలు కట్టడం చూస్తే ఎవరిని తిట్టాలో తెలియదు.

పోయిన వారం ఒక బర్రెకు గర్భసంచి మెలిక పడింది. బర్రెను పడుకోబెట్టి రెండుసార్లు దొర్లించినా మెలిక విడలేదు. వేరే దారి లేక ఆయనకు ఫోన్ చేశాను. ఏడాదిలో మొదటిసారి.

"మెలిక కుడి దిక్కా, ఎడమ దిక్కా?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మాట ముద్దగా ఉందా, తడబడుతోందా అని వింటున్నాను. ఉదయం పదకొండు అయింది, ఆ టైంకు ఆయన గొంతు ఎట్లా ఉండేదో నాకు బాగా తెలుసు.

ఆయనకు అర్థమైంది. "ఇన్నవా? ఇంక జరసేపు ఇను, నేనాగుత" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

"కుడి దిక్కన్నా" అన్నాను.

"అయితే కుడి పక్కకే దొర్లియ్యాలె. పొట్ట మీద చెక్క పలక పెట్టి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టు. మెల్లగ. తొందర పడకు."

ఫోను రైతు చేతికిచ్చి, స్పీకర్ పెట్టించి, పలక తెమ్మని చెప్పాను.